జేమ్స్ పాండ్ నుంచి ఏజెంట్ ఆత్రేయ దాకా



అమెరికాలో ఎఫ్‌బీఐ అనే నేర పరిశోధక సంస్థ ఉందని అందరికీ తెలిసిందే. మన నెల్లూరులోనూ ఒక ఎఫ్‌బీఐ ఉంది. పూర్తి పేరు ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. దాన్ని నడిపే పెద్దమనిషి పేరు సాయి శ్రీనివాస ఆత్రేయ. పెద్దమనిషి అన్నానే గానీ కుర్రాడే. మాట తీరు మాత్రం ప్రపంచంలోని నేరగాళ్లంతా తన కోసమే నెల్లూరు బస్సెక్కి వస్తున్నారన్నట్టు ఉంటుంది.

ఈ ఆఫీసు కోసం నెల్లూరులో వెతక్కండి. ఇది 2019 జూన్ 21న విడుదలైన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమాలోది. దర్శకుడు స్వరూప్ ఆర్.ఎస్.జె.కి అదే మొదటి సినిమా. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా. ఆత్రేయగా వేసిన నవీన్ పొలిశెట్టి దర్శకుడితో కలిసి స్క్రీన్‌ప్లే కూడా రాశాడు. పెద్ద తారలు లేరు, భారీ సెట్టింగులు లేవు, విదేశాల్లో పాటలు లేవు. అయినా నోటిమాటతోనే జనం థియేటర్లకు వచ్చారు. ఇవాళ దీని గురించీ, దీనికి పెదనాన్న వరసయ్యే మరో సినిమా గురించీ మాట్లాడుకుందాం. ఆ పెదనాన్న పేరు 'చంటబ్బాయ్'.

సినిమాల్లోకి వెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ప్రైవేటు డిటెక్టివ్ అనగానే మనకు నవ్వెందుకు వస్తుంది? లండన్‌లో షెర్లాక్ హోమ్స్ వీధిలోకి వస్తే ఎవరూ నవ్వరు. స్కాట్లండ్ యార్డ్ పోలీసులే చేతులు కట్టుకుని ఆయన గుమ్మం ఎక్కుతారు. మన దగ్గర అదే మనిషి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, నేను డిటెక్టివ్‌ని, ఈ హత్య కేసు నాకు వదిలేయండి అంటే ఏమవుతుంది? బయట బెంచీ మీద కూర్చోబెడతారు. ఎస్సై గారికి తీరికైతే లోపలికి పిలుస్తారు. ఆ తరవాత ఎవరు ఎవర్ని విచారిస్తారో మీరే ఊహించుకోండి.

ఇందులో పోలీసుల తప్పేం లేదు. చట్టం దృష్టిలో మన దేశపు ప్రైవేటు డిటెక్టివ్‌కు ఉన్నవి మీకూ నాకూ ఉన్న హక్కులే. ఇల్లు సోదా చెయ్యలేడు. ఎవరినీ పిలిపించి ప్రశ్నించలేడు. ఒకరి ఫోను కాల్స్ వివరాలు రహస్యంగా తెప్పించుకుంటే తానే కేసులో ఇరుక్కుంటాడు. గేటు దగ్గర కాపలా మనుషుల్ని పెట్టే సెక్యూరిటీ ఏజెన్సీల కోసం 2005లో ఒక చట్టం వచ్చింది. డిటెక్టివ్ ఏజెన్సీలకూ లైసెన్సులు ఉండాలని 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. అంటే మన డిటెక్టివ్‌కు లాఠీ లేదు, తుపాకీ లేదు, చూపించడానికి సర్కారు ముద్ర ఉన్న కార్డు కూడా లేదు.

మరి నిజంగా ఈ వృత్తిలో ఉన్నవాళ్లు చేసేదేమిటంటారా? ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబు. అబ్బాయి చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా, జీతం అంతేనా, సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికే వెళతాడా? పూర్వం ఈ పని పెళ్లిళ్ల పేరయ్యలూ, మేనత్తలూ, ఎదురింటి పిన్నిగార్లూ ఉచితంగా చేసిపెట్టేవారు. అమెరికా సంబంధాలు మొదలయ్యాక పిన్నిగారి చూపు అంతదూరం ఆనడం లేదు. దాంతో డిటెక్టివ్‌కు పని దొరికింది. హత్యలూ, వజ్రాల హారాలూ, నిధుల మ్యాపులూ మాత్రం అతని బల్ల మీదకు రావు.

కానీ మన తెలుగు పాఠకుడి బుర్రలో ఉన్న డిటెక్టివ్ బొమ్మ వేరు. దాన్ని గీసినవారిలో ముందు చెప్పుకోవలసింది కొమ్మూరి సాంబశివరావు గారిని. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఒక తరాన్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు. అద్దె లైబ్రరీలో రోజుకింత అని కట్టి తెచ్చుకోవడం, క్లాసు పుస్తకం మధ్యలో పెట్టి చదవడం, నాన్నగారికి దొరికిపోవడం – ఈ మాట వింటున్నవారిలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. ఆ పుస్తకాల్లో పోలీసులు డిటెక్టివ్‌ని గౌరవంగా పిలుస్తారు. ఆయన చెప్పింది శ్రద్ధగా వింటారు. చివరి అధ్యాయంలో ఆయన వేలెత్తి చూపించిన మనిషికి బేడీలు వేస్తారు.

పుస్తకంలోని ఆ గౌరవానికీ, బయట ఎస్సై గారి బెంచీకీ మధ్య ఉన్న దూరంలోనే తెలుగు డిటెక్టివ్ హాస్యమంతా పుట్టింది. పుస్తకాలు చదివి, సినిమాలు చూసి, ఆ లోకం నిజమని నమ్మి, డిటెక్టివ్ కోటు ఒకటి కుట్టించుకుని మన ఎండలోకి వచ్చిన మనిషి మన కథానాయకుడు. అతణ్ని చూసి నవ్వుతాం. అయితే అతను పూర్తిగా తెలివితక్కువవాడైతే ఆ నవ్వు అరగంటలో అయిపోతుంది. సినిమాకు రెండున్నర గంటలు కావాలి కదా. అందుకే అతనిలో ఎక్కడో ఒకచోట అసలు సరుకు ఉండి తీరాలి. ఎంత సరుకు, ఎక్కడ దాచాలి, ఎప్పుడు బయటపెట్టాలి అన్నదే దర్శకుడి పనితనం.

పాశ్చాత్యులకు ఈ చిక్కు అంతగా లేదు. 1963లో వచ్చిన 'పింక్ పాంథర్'లో పీటర్ సెల్లర్స్ వేసిన క్లూసో ఉన్నాడు. అతను ప్రైవేటు డిటెక్టివ్ కాదు, పోలీసు ఇన్‌స్పెక్టరే. తన అజ్ఞానం తనకు తెలియదు, అదృష్టం మాత్రం వదలకుండా వెంట ఉంటుంది. 1994లో జిమ్ క్యారీ 'ఏస్ వెంచురా' అయ్యి తప్పిపోయిన పెంపుడు జంతువుల్ని వెతికే డిటెక్టివ్‌గా వచ్చాడు. అందులో అతని పెద్ద కేసు ఒక ఫుట్‌బాల్ జట్టుకు చెందిన డాల్ఫిన్ చేప మాయమవడం. డాల్ఫిన్ చేప కాదని మా సైన్సు మాస్టారు వింటే కోప్పడతారు, క్షమించాలి, డాల్ఫిన్ అనే జంతువు. క్యారీ ముఖం రబ్బరులా సాగుతుంటే మనం నవ్వుతాం. అక్కడితో సరి. తెలుగు ప్రేక్షకుడికి అంతటితో చాలదు. నవ్వించినవాణ్ని చివరికి ప్రేమించాలి కూడా.

ఆ సంగతి బాగా తెలిసినవారు జంధ్యాల. ఇక ఆయన తీసిన 'చంటబ్బాయ్' దగ్గరకు వద్దాం.

1986 నాటికి చిరంజీవి ఎలాంటి స్థితిలో ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. 'ఖైదీ' వచ్చి మూడేళ్లయింది. ఆ 1986లోనే 'కొండవీటి రాజా', 'రాక్షసుడు' ఉన్నాయి. ఫైట్లు, డాన్సులు, ఈలలు. అంతకుముందు 1983లో 'గూఢచారి నెం.1' అనే సినిమాలో నిజంగానే సీక్రెట్ ఏజెంటుగా వేశారు. అలాంటి హీరోని పట్టుకుని జంధ్యాల పాండురంగారావు అని పేరు పెట్టారు. ఆ పాండురంగారావు తనకు తాను జేమ్స్ పాండ్ అని పేరు పెట్టుకున్నాడు. గమ్మత్తేమిటంటే, జేమ్స్ బాండ్ గూఢచారి, డిటెక్టివ్ కాదు. గూఢచారికి దేశాలూ, మిస్సైళ్లూ కావాలి. మన పాండుకు ఆ తేడా తెలియదు, తెలిసినా పట్టించుకోడు.

కథ మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల. అదే ఏడాది జంధ్యాల తీసిన 'రెండు రెళ్లు ఆరు'కు కూడా మల్లాది నవలే ఆధారం. ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మల్లాది గారు వందలకొద్దీ పాఠకుల్ని సంపాదించుకున్నా తన ఫొటో మాత్రం ఎక్కడా అచ్చు కానివ్వని మనిషి. వందలు కాదు లెండి, లక్షలు. ఆయన ఎలా ఉంటారో తెలుసుకోవాలంటే జేమ్స్ పాండ్‌నే పెట్టుకోవాలి.

సినిమాలో పాండు ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో ఉద్యోగి. సుహాసిని వేసిన జ్వాల ఒక హత్య కేసులో చిక్కుకుంటే, ఆమె నిర్దోషి అని నిరూపిస్తాడు. ప్రేమలో కూడా పడతాడనుకోండి. తరవాత ఒక డాక్టరమ్మ తన తండ్రికి పుట్టి ఎక్కడో పెరుగుతున్న అన్నయ్యను వెతికిపెట్టమంటుంది. ఆ అన్నయ్య పేరే చంటబ్బాయి. ఆస్తి ఉందని తెలిశాక చంటబ్బాయిలకు కరువేముంది? నేనంటే నేనని బయల్దేరతారు. ఆ పైన జరిగేది చూడనివాళ్లు చూడాలి.

నిజాయితీగా చెప్పాలంటే డిటెక్టివ్ కథగా ఇది పలచన. ఆధారాలు పోగుచెయ్యడం, మెలిక విప్పడం మీద జంధ్యాలకు పెద్ద ఆసక్తి లేదు. కేసు కదలకుండా ఆగిపోయినా ఆయనకు దిగుల్లేదు. పక్కన ఇంకో నాలుగు రకాల నవ్వులు నడుస్తుంటాయి. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధం శ్రీలక్ష్మి వేసిన రచయిత్రి పాత్ర. ఆమెకు కవిత్వం పొంగుకొస్తుంది, వంట కూడా పొంగుకొస్తుంది. రెండూ పత్రికాఫీసుకు మోసుకొస్తుంది. ఎడిటరు చెయ్యి పట్టుకుని కవిత వినిపిస్తుంది, నోరు తెరిచాడా అరటికాయ లంబా లంబా పెడుతుంది. ఆ వంటకం ఎలా ఉంటుందో ఎడిటరు ముఖంలో కనిపిస్తుంది. డిటెక్టివ్ కథకు ఈవిడతో పని లేదు. ఉన్నా లేకపోయినా నేరం తేలుతుంది. అయినా ఆ ముక్క కత్తిరించి చూడండి, సినిమాలో సగం పేరు పోతుంది. రచన పంపి సమాధానం కోసం ఎదురుచూసే ప్రతి తెలుగు మనిషీ ఆ పాత్రలో ఉన్నాడు. రచనలు చదవాల్సి వచ్చిన ప్రతి ఎడిటరూ ఉన్నాడు.

నరసాపురంలో పుట్టిన జంధ్యాల నాటకాల నుంచి వచ్చినవారు. 'ఏక్ దిన్ కా సుల్తాన్' వంటి నాటకాలు రాశారు, తరవాత 'శంకరాభరణం'కు మాటలు రాశారు. ఆయన హాస్యం చెవికి సంబంధించినది. కళ్లు మూసుకుని వింటే కూడా నవ్వొస్తుంది. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పడం నాకు ప్రత్యేకంగా ఇష్టం. ఆయన చేతుల్లో తారలైన 'సుత్తి' జంటలో వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసినవారే మరి.

చిరంజీవి మాత్రం ఇందులో కంటికి కూడా పని పెట్టారు. చాప్లిన్ వేషం కట్టారు, ఆడవేషం వేశారు, తన స్టారు హోదాను తానే ఆటపట్టించారు. మాస్ హీరోగా దూసుకుపోతున్న రోజుల్లో ఇలా చెయ్యడానికి ధైర్యం కావాలి. ఆయన పెద్ద విజయాల లెక్కలో ఈ సినిమా అప్పుడు చేరలేదు. తరవాత టీవీలో మళ్లీమళ్లీ వేస్తుంటే జనం తమదిగా చేసుకున్నారు. దర్శకుడిగా జంధ్యాల చిరంజీవితో తీసిన సినిమా కూడా ఇదొక్కటే. ఇంకొకటి తీసి ఉండాల్సిందని నాకెప్పుడూ అనిపిస్తుంది. 2001లో జంధ్యాల వెళ్లిపోయారు.

'చంటబ్బాయ్' వచ్చిన కొన్నేళ్లకు వంశీ మోహన్‌బాబుతో 'డిటెక్టివ్ నారద' తీశారు. వంశీ మార్కు వింత చూపు, ఇళయరాజా సంగీతం ఉన్నా అది 'చంటబ్బాయ్' అంతగా గుర్తుండిపోలేదు. దాన్ని దాటుకుని నెల్లూరు వెళదాం.

నవీన్ పొలిశెట్టి దారి కాస్త వింతైనది. ఇంజనీరింగ్ చదివి, ఇంగ్లండులో ఉద్యోగం చేసి, అది వదిలేసి ముంబయి వెళ్లి నటన వెంట పడ్డాడు. 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్', '1: నేనొక్కడినే' సినిమాల్లో చిన్న పాత్రలు వేశాడు. తరవాత ఇంజనీరింగ్ కుర్రాళ్ల ఉద్యోగ కష్టాల మీద వచ్చిన యూట్యూబ్ హాస్య వీడియోలతో దేశమంతా తెలిశాడు. తనను ఎవరూ పట్టించుకోకపోయినా పెద్దవాణ్నేనని నమ్ముతూ తిరిగే మనిషి పాత్ర అతనికి అంత చక్కగా అతకడంలో ఆశ్చర్యం లేదు.

ఆత్రేయ పాశ్చాత్య సినిమాలు చూసి తయారైన డిటెక్టివ్. పాండు తరం బాండును చూసింది, ఈ తరం ఓటీటీలో షెర్లాక్‌ను చూస్తోంది. స్నేహ అనే శిష్యురాలు పనిలో చేరుతుంది. ఇక గురువుగారి ఉపన్యాసాలకు అడ్డేముంది? ఒక మనిషిని తలనుంచి కాలిదాకా చూసి అతని జాతకం చెప్పే హోమ్స్ విద్య ఆత్రేయకూ ఉంది. తేడా ఒక్కటే. హోమ్స్ చెబితే ఎదుటి మనిషి నోరు వెళ్లబెడతాడు. ఆత్రేయ చెబితే ఎదుటి మనిషి ముందు చిరాకు పడతాడు. కొన్నిసార్లు ఆత్రేయ చెప్పింది తప్పవుతుంది, కొన్నిసార్లు ఒప్పవుతుంది. ఏది ఎప్పుడో మనకు ముందుగా తెలియదు. ఆ అనుమానాన్ని దర్శకుడు చివరిదాకా చల్లారనివ్వడు. ఇతను తెలివైనవాడా, తెలివైనవాడిలా నటిస్తున్నవాడా? రెండూ అని అర్థమయ్యేసరికి ఇంటర్వెల్ వస్తుంది.

చిల్లర కేసులు చేసుకుంటూ బతుకుతున్న ఈ ఏజెంటుకు రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని శవాలు దొరుకుతున్న సంగతి తెలుస్తుంది. చూద్దామని వెళతాడు. డిటెక్టివ్‌గా వెళ్లినవాడు అనుమానితుడిగా లాకప్‌లో తేలతాడు. నేను ఇందాక చెప్పిన ఎస్సై గారి బెంచీ ఇదే. 'చంటబ్బాయ్'లో ఇంత కచ్చితంగా లేని నిజం ఇక్కడ ఉంది. ఆ లాకప్‌లోనే ఒక తండ్రి పరిచయమవుతాడు, కూతురి చావు గురించి చెబుతాడు. అక్కణ్నుంచి కథ నిక్కచ్చిగా నేర పరిశోధన. ఒక్కో దారీ మూసుకుపోతుంది, నమ్మిన మనిషి మారిపోతాడు, చూసిందే ఇంకో కోణంలో మళ్లీ చూడాల్సి వస్తుంది.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది నవ్వు కాదు, ఆ నవ్వు కింద పెట్టిన దుఃఖం. సినిమా ఆత్రేయ తల్లి మరణంతో మొదలవుతుంది. కబురు అంది ఊరికి చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది, ఆఖరి చూపు దక్కదు. తరవాత అతని కోతలూ, ఇంగ్లీషు డైలాగులూ మొదలవగానే మనం ఆ సంగతి మరిచిపోతాం. దర్శకుడు మరిచిపోడు. ఆ మరణమే తిరిగి కథలోకి వచ్చినప్పుడు ఇన్నాళ్లూ ఈ కుర్రాడు ఎవరికోసం డిటెక్టివ్ వేషం వేశాడో మనకు తెలుస్తుంది. చావు చుట్టూ మనకున్న నమ్మకాల్ని వాడుకుని జరిగే ఒక నేరాన్ని సినిమా బయటపెడుతుంది. దాని వివరం చెప్పను. చెబితే మీరు నన్ను క్షమించరు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చివరి అరగంటలో అసలు సంగతంతా మాటల్లో వివరించాల్సి వచ్చింది. వరసగా వచ్చే సమాచారం కొంత బరువనిపిస్తుంది. స్నేహ పాత్రకు మొదట్లో ఇచ్చిన చురుకు తరవాత కొనసాగలేదు. ఆత్రేయ స్నేహితుడు బాబీగా సుహాస్ కనిపించేది కాసేపే అయినా గుర్తుండిపోతాడు. మార్క్ కె. రాబిన్ సంగీతం ఎక్కడ అల్లరి చెయ్యాలో, ఎక్కడ తగ్గాలో తెలిసిన సంగీతం.

2022లో ఇదే కథను తమిళంలో సంతానం హీరోగా 'ఏజెంట్ కన్నాయిరం' అని తీశారు. సంతానం అక్కడ పేరున్న హాస్యనటుడు. కథ అదే, మలుపులు అవే. తెలుగు సినిమాకు వచ్చినంత పేరు మాత్రం రాలేదు. ఇలాంటి సినిమాల్లో ప్లాటును ఎత్తుకెళ్లొచ్చు గానీ ఆ వెర్రి మనిషిని ఎత్తుకెళ్లడం కష్టం. అతను ఒక నటుడి శరీరంలో, ఒక ఊరి గాలిలో తయారవుతాడు.

సినిమా తీయాలనుకునే కుర్రాళ్లు ఎవరైనా వింటుంటే ఒక మాట. డిటెక్టివ్‌ని హాస్యగాణ్ని చెయ్యాలనుకుంటే ముందు కేసు గట్టిగా రాసుకోండి. హాస్యం పేరు చెప్పి నేరాన్ని తేలిక చెయ్యొద్దు. 'ఆత్రేయ' నిలబడింది అందుకే. జంధ్యాల అంత మాటల మాంత్రికుడైతే ఆ షరతు నుంచి మినహాయింపు ఉంటుంది. అంతటివారు మళ్లీ పుట్టేదాకా కేసు మీదే ఆధారపడటం క్షేమం.

రెండిట్లో ఏది మేలంటారా? హాస్య చిత్రంగా 'చంటబ్బాయ్'కు సాటి లేదు. డిటెక్టివ్ చిత్రంగా 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' ఒక మెట్టు పైన. వీలుంటే మొదట పాండును చూడండి, తరవాత ఆత్రేయను చూడండి. ఇంట్లో పిల్లలుంటే 'చంటబ్బాయ్' వాళ్లతో కలిసి చూడండి. 'ఆత్రేయ'లో శవాలు, ఘోరాలు ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లల్ని పడుకోబెట్టాకే పెట్టండి. చూశాక ముగింపు మాత్రం పక్కింటివాళ్లకు చెప్పకండి.